గర్భసంచి వెనక్కి ఒరగడం జబ్బు కాదు, అడినోమయోసిస్ మాత్రం జబ్బే

నడుము నొప్పి అనో, నెలసరిలో రక్తం ఎక్కువ పోతోందనో స్కానింగ్‌కి వెళ్తే రిపోర్టులో రెండు మాటలు తరచుగా కనిపిస్తాయి. ఒకటి ‘రిట్రోవర్టెడ్ యుటరస్’. ఇంకొకటి ‘బల్కీ యుటరస్, అడినోమయోసిస్’. మొదటిది గర్భసంచి ఏ దిక్కుకి వాలి ఉందో చెప్పే మాట. రెండోది ఒక జబ్బు పేరు. ఇంటికి వచ్చేసరికి ఈ రెండూ కలిసిపోయి, ‘గర్భసంచి తిరగబడిందట, పాడైపోయిందట, తీసెయ్యాలట’ అని ఒక్క మాట అయిపోతాయి.

దీనివల్ల రెండు రకాల నష్టం జరుగుతోంది. జబ్బే కాని దానికి భయపడి కొందరు 35 ఏళ్లకే గర్భసంచి తీయించుకుంటున్నారు. నిజంగా జబ్బున్న ఇంకొందరు ‘ఆడపుట్టుక అన్నాక ఇవన్నీ మామూలే’ అన్న మాట విని, ఏళ్ల తరబడి రక్తం పోగొట్టుకుంటూ ఓర్చుకుంటున్నారు. ఈ రెండూ తప్పాలంటే ముందు ఆ రెండు మాటల తేడా తెలియాలి.

గర్భసంచి ఎటు వాలి ఉంటుంది?

గర్భసంచి తలకిందులు చేసిన చిన్న జామకాయ ఆకారంలో ఉంటుంది. దానికి ముందు మూత్రాశయం, వెనక మలాశయం ఉంటాయి. ఎక్కువమందిలో అది ముందుకు, మూత్రాశయం మీదకి వాలి ఉంటుంది. రిపోర్టులో దీన్ని ‘యాంటీవర్టెడ్’ లేదా ‘ఏవీ’ అని రాస్తారు. ఐదుగురిలో ఒకరికి వెనక్కి, నడుము వైపు వాలి ఉంటుంది. అదే ‘రిట్రోవర్టెడ్’ లేదా ‘ఆర్‌వీ’. కొందరిలో మెడ దగ్గర నుంచి గర్భసంచి పై భాగం మాత్రమే వెనక్కి మడిచినట్టు వంగి ఉంటుంది. దాన్ని ‘రిట్రోఫ్లెక్స్‌డ్’ అంటారు.

కొందరికి ఎడమచేతి వాటం ఉన్నట్టే ఇదీ. చాలామందికి పుట్టుక నుంచే ఇలా ఉంటుంది, ఏ బాధా ఉండదు. కాన్పు తర్వాత కొందరిలో వాలు మారవచ్చు. స్కాన్ కోసం నీళ్లు తాగి మూత్రాశయం బాగా నిండితే, ఆ ఒత్తిడికి కూడా గర్భసంచి కాస్త వెనక్కి జరిగినట్టు కనిపిస్తుంది. అందుకే ఒక రిపోర్టులో ‘ఏవీ’, ఇంకో రిపోర్టులో ‘ఆర్‌వీ’ అని రావచ్చు. అది చూసి కంగారు పడక్కర్లేదు.

ఒకప్పుడు డాక్టర్లు కూడా దీన్ని జబ్బే అనుకున్నారు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట్లో ఐరోపా, అమెరికాల్లో నడుము నొప్పి మొదలుకొని పిల్లలు పుట్టకపోవడం దాకా అన్నింటికీ ‘వెనక్కి ఒరిగిన గర్భసంచే’ కారణమన్నారు. లోపల రింగులు పెట్టారు. గర్భసంచిని ముందుకు లాగి కట్టే ఆపరేషన్లు విరివిగా చేశారు. ఆ ఆపరేషన్లు చేసినా చేయకపోయినా పెద్ద తేడా లేదని తర్వాత తేలింది. ఇప్పుడు ఒట్టి ఒరుగుదలకు ఎవరూ ఆ ఆపరేషన్ చేయరు.

ఒరగడం వేరు, జారడం వేరు

మన ఊళ్లలో ఈ రెండింటినీ కలిపేస్తారు. గర్భసంచి ‘జారడం’ అంటే దాన్ని పట్టి ఉంచే కండరాలు, బంధాలు సడలి కిందకి దిగడం. కింద ఏదో గడ్డలా తగులుతుంది, బరువుగా ఉంటుంది, దగ్గితే మూత్రం పడుతుంది. దానికి వేరే వైద్యం ఉంది. ‘ఒరగడం’లో గర్భసంచి దాని చోటనే ఉంటుంది, వాలు మాత్రమే వేరు. బరువులు ఎత్తడం వల్లో, కాలు జారి పడడం వల్లో గర్భసంచి ‘తిరగబడదు’. పొట్ట తోమించుకుంటే సరైపోయేదీ కాదు. అలా గట్టిగా తోమించుకోవడం మంచిది కూడా కాదు.

‘ఒరిగితే పిల్లలు పుట్టరు’ అన్నది కూడా నిజం కాదు. వాలు ఒక్కదానివల్లే గర్భం రాకుండా పోదు. గర్భం వచ్చాక మూడో నెల దాటేసరికి గర్భసంచి పెరిగి తనంతట తానే పైకి లేస్తుంది. చాలా అరుదుగా మాత్రం లేవకుండా ఇరుక్కుపోతుంది. గర్భిణికి మూడు, నాలుగు నెలల మధ్య మూత్రం బంద్ అయిపోతే ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అడినోమయోసిస్ అంటే?

గర్భసంచి లోపల మెత్తటి పొర ఒకటి ఉంటుంది. ప్రతి నెలా మందంగా పెరిగి, గర్భం రాకపోతే రాలిపోయి రక్తంతో బయటకు వచ్చేది అదే. దాని చుట్టూ మందమైన కండరపు గోడ ఉంటుంది. లోపలి పొరలాంటి కణజాలం ఈ కండరపు గోడలోకి దిగిపోవడమే అడినోమయోసిస్. వానాకాలం చెమ్మ ఇంటి గోడలోకి దిగినట్టు అనుకోండి. గోడలోకి దిగిన ఆ కణజాలం కూడా నెలనెలా హార్మోన్లకు స్పందిస్తుంది. గోడ వాచి మందమవుతుంది, గర్భసంచి సైజు పెరుగుతుంది. ‘బల్కీ’ అని రాసేది ఆ సైజు గురించే. బల్కీ అంటే క్యాన్సర్ కాదు. రెండు మూడు కాన్పులు అయినవాళ్లలో ఏ జబ్బూ లేకుండానే గర్భసంచి కాస్త పెద్దగా ఉండవచ్చు.

ఈ మార్పును 1860లో వియన్నా వైద్యుడు కార్ల్ వాన్ రోకిటాన్‌స్కీ గుర్తించారు. 1908లో అమెరికాలో థామస్ కలెన్ దీనిమీద వివరంగా పుస్తకం రాశారు. అప్పట్లో గర్భసంచి తీసి, కోసి, మైక్రోస్కోపు కింద చూస్తేనే జబ్బు తెలిసేది. ఆపరేషన్ అయినవాళ్లలోనే కనబడింది కాబట్టి, ఇది 40 దాటి పిల్లలు పుట్టినవాళ్లకే వస్తుందని చాలాకాలం అనుకున్నారు. ఇప్పుడు మంచి స్కాన్లు, ఎంఆర్ఐ వచ్చాక చిన్న వయసువాళ్లలోనూ కనిపిస్తోంది.

దీని లక్షణాలు ఇవి:

- నెలసరిలో గడ్డలు గడ్డలుగా, ఎక్కువ రోజులు రక్తం పోవడం
- ఏటికేడు పెరిగే కడుపు నొప్పి, నడుము నొప్పి
- పొత్తికడుపు బరువుగా, ఉబ్బినట్టు ఉండడం
- భార్యాభర్తల కలయికలో లోపలి నొప్పి
- కొందరిలో గర్భం నిలవడం కష్టం కావడం

మూడింట ఒక వంతు మందికి ఏ లక్షణమూ ఉండదు. వేరే పనికి స్కాన్ చేస్తే బయటపడుతుంది. బాధ లేనివాళ్లకు రిపోర్టులో పేరు ఉన్నంత మాత్రాన మందు అక్కర్లేదు.

మరి రెండింటికీ సంబంధం ఉందా?

గర్భసంచి వెనక్కి ఒరిగి ఉండడం వల్ల అడినోమయోసిస్ వస్తుందనడానికి రుజువు లేదు. కానీ రెండూ ఒకే మనిషిలో కలిసి కనిపించే సందర్భాలు ఉన్నాయి. అక్కడ కారణం సాధారణంగా మూడోది ఉంటుంది.

ఆ మూడోది తరచుగా ఎండోమెట్రియోసిస్. లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట, దాని వెనక భాగంలో, పేగు దగ్గర పెరిగే జబ్బు ఇది. అది అక్కడ జిగురులా అతుకులు వేసి గర్భసంచిని వెనక్కి లాగి పట్టేస్తుంది. ఎండోమెట్రియోసిస్ ఉన్నవాళ్లలో అడినోమయోసిస్ కూడా తరచుగా ఉంటుంది. స్కాన్‌లో గర్భసంచి మెడ ముందుకు ఉండి, పై భాగం వెనక్కి వంగి, ప్రశ్నార్థకం గుర్తులా కనిపిస్తే అడినోమయోసిస్ ఉందేమో చూడాలని 2015లో ఇటలీ డాక్టర్లు రాశారు. ఆ వంపు జబ్బుకి కారణం కాదు, లోపల వెతకమని చెప్పే ఒక గుర్తు మాత్రమే.

ఇంకో దారి సిజేరియన్. ఆపరేషన్ అయ్యాక కొందరిలో గర్భసంచి ముందు భాగం కుట్టు దగ్గర అతుక్కుని, పై భాగం వెనక్కి వంగుతుంది. గర్భసంచి మీద జరిగిన కోతలు, సిజేరియన్, డి అండ్ సి వంటివి అడినోమయోసిస్ అవకాశాన్ని కూడా కొంత పెంచుతాయని చాలామంది నిపుణులు భావిస్తారు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం కాన్పులు సిజేరియన్లే. కాబట్టి ఈ మాట మన ఇళ్లకు దూరమైనది కాదు.

డాక్టరు చేత్తో పరీక్షించేటప్పుడు చూసే ముఖ్య విషయం ఒకటుంది. గర్భసంచి వెనక్కి ఉన్నా అటూ ఇటూ కదులుతోందా, లేక అతుక్కుని ఉందా? నొప్పి లేకుండా కదులుతుంటే అది పుట్టుకతో వచ్చిన వాలే అయి ఉండవచ్చు. కదలకుండా, ముట్టుకుంటే నొప్పిగా ఉంటే కారణం వెతకాలి.

ఏ స్కాన్ చేయించాలి?

పొట్టమీద నుంచి చేసే స్కాన్‌లో, ముఖ్యంగా గర్భసంచి వెనక్కి ఉన్నప్పుడు, గోడ అంత స్పష్టంగా కనిపించదు. పెళ్లైనవాళ్లకు లోపలి నుంచి చేసే ట్రాన్స్‌వెజైనల్ స్కాన్ బాగా పనికొస్తుంది. అది మూత్రం పోసి వచ్చాక, ఖాళీ మూత్రాశయంతో చేస్తారు. పెళ్లికాని అమ్మాయిలకు పొట్టమీద స్కాన్, అవసరమైతే ఎంఆర్ఐ ఉన్నాయి. ‘పెళ్లయితే అదే తగ్గిపోతుంది’ అని అమ్మాయిల నొప్పిని వాయిదా వేయకండి. కాలేజీకి పోలేనంత నొప్పి మామూలు నెలసరి నొప్పి కాదు.

పరదా గురించి మొహమాటపడి చాలామంది ఈ పరీక్షను తప్పించుకుంటారు. లేడీ డాక్టరు కావాలని ముందే అడగండి. మగ డాక్టరు పరీక్షించాల్సి వస్తే పక్కన ఇంకో స్త్రీ ఉండాలని కోరడం మీ హక్కు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేసిన రోగుల హక్కుల పత్రంలో ఇది ఉంది. వేరే డాక్టరు అభిప్రాయం తీసుకునే హక్కు, రిపోర్టుల కాపీలు తీసుకునే హక్కు కూడా అందులో ఉన్నాయి.

45 ఏళ్లు దాటాక రక్తస్రావం ఎక్కువైనా, నెలసరి ఆగిపోయిన ఏడాది తర్వాత ఒక్క చుక్క కనిపించినా, గర్భసంచి లోపలి పొర నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాలి. ‘అడినోమయోసిస్సే కదా’ అని వదిలేయకూడదు.

చికిత్స మెట్టు మెట్టుగా

*రక్తం.* ముందుగా హిమోగ్లోబిన్ చూపించుకోండి. ఆడవాళ్లకి 12 ఉండాలి. అదే సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో సుమారు 59 శాతం మందికి రక్తహీనత ఉంది. పలాస జీడి పరిశ్రమల్లో రోజంతా కూర్చుని పప్పు తీసే తల్లికైనా, ఆగస్టులో వరినాట్లకు వంగే అక్కకైనా, ‘ఒంట్లో సత్తువ లేదు’ అన్న మాట వెనక చాలాసార్లు ఈ రక్తమే ఉంటుంది. ఐరన్ మాత్ర వేసుకున్న వెంటనే చాయ్ తాగకండి, ఐరన్ ఒంటికి పట్టదు. మాత్రతో నిమ్మరసం మంచిది. కలేజీ, మాంసం, మునగాకు, తోటకూర తినాలి. కానీ హిమోగ్లోబిన్ బాగా పడిపోయినప్పుడు తిండి ఒక్కటే చాలదు.

*హార్మోన్ కాని మందులు.* నెలసరి రోజుల్లో మాత్రమే వాడే ట్రానెగ్జామిక్ ఆసిడ్ రక్తాన్ని తగ్గిస్తుంది. మెఫెనమిక్ ఆసిడ్ నొప్పిని తగ్గిస్తుంది. రక్తనాళాల్లో గడ్డకట్టిన చరిత్ర ఉన్నవాళ్లు మొదటిదాన్ని, అల్సర్, కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు రెండోదాన్ని డాక్టరు చెప్పకుండా వేసుకోకూడదు.

*హార్మోన్ మందులు.* డైనోజెస్ట్ మాత్రలు, కాంబినేషన్ పిల్స్, కొన్నాళ్లపాటు ఇచ్చే ఇంజెక్షన్లు ఉన్నాయి. బీపీ, మైగ్రేన్, రక్తం గడ్డకట్టిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి.

*హార్మోన్ లూప్.* గర్భసంచిలో అమర్చే ఈ చిన్న పరికరం లెవోనార్జెస్ట్రెల్ అనే హార్మోన్‌ను రోజూ కొద్దికొద్దిగా వదులుతుంది. ఇది కాపర్-టి కాదు. కాపర్-టి వల్ల రక్తస్రావం పెరగవచ్చు, ఇది తగ్గిస్తుంది. ఒకసారి పెడితే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. చాలామందికి ఆపరేషన్ అవసరం తప్పించేది ఇదే. అయితే మొదటి 3 నుంచి 6 నెలలు చుక్కలు చుక్కలుగా మరక కనిపిస్తుంది. ఈ సంగతి ముందే చెప్పకపోవడం వల్ల భయపడి రెండో నెలలోనే తీయించేసుకునేవాళ్లు ఉన్నారు. ఓపిక పడితే తర్వాత రక్తం బాగా తగ్గిపోతుంది, కొందరికి పూర్తిగా ఆగిపోతుంది. ఆగిపోయిన రక్తం లోపల పేరుకుపోతుందన్నది అపోహ.

పిల్లలు కావాలనుకుంటున్నవాళ్లు ఆ మాట డాక్టరుకి మొదటే చెప్పాలి. ఈ హార్మోన్ మందులు వాడుతున్నంతకాలం గర్భం వచ్చే అవకాశం తగ్గిపోతుంది కాబట్టి వాళ్ల చికిత్స దారి వేరు.

*ఆపరేషన్.* జబ్బు ఒక చోటే ముద్దలా ఉంటే ఆ ముక్క మాత్రమే తీయవచ్చు. గర్భసంచికి వెళ్లే రక్తనాళాన్ని మూసే పద్ధతి పెద్ద నగరాల్లో ఉంది. మందులు, లూప్ పనిచేయక, పిల్లలు వద్దనుకున్నాక గర్భసంచి తీయించుకోవడం తప్పు కాదు. అడినోమయోసిస్‌కు అదే శాశ్వత పరిష్కారం. ఎన్నో ఏళ్లు బాధపడినవాళ్లకు అది పెద్ద ఉపశమనం. నెలసరి శాశ్వతంగా ఆగాక ఈ జబ్బు సాధారణంగా తనంతట తానే తగ్గుతుంది. అందుకని 48 ఏళ్ల ఆమెకి లూప్‌తో ఇంకో రెండేళ్లు గడిచిపోతే ఆపరేషన్ అవసరమే రాకపోవచ్చు.

నమాజు, రోజా సంగతి

రక్తం ఆగకుండా పోయేవాళ్లకు, లూప్ పెట్టించుకున్నవాళ్లకు మొదట వచ్చే సందేహం ఇదే. హనఫీ ఫిఖహ్ ప్రకారం హైజ్ కనీసం 3 రోజులు, గరిష్ఠంగా 10 రోజులు. ఆ లెక్క బయట వచ్చే రక్తం ఇస్తిహాజా కిందకి వస్తుంది. ఇస్తిహాజాలో నమాజు మానకూడదు, రోజా ఉండవచ్చు. ప్రతి నమాజు వేళకూ వుజూ చేసుకోవాలి. రక్తం 10 రోజులు దాటితే, ఆమెకు మామూలుగా ఎన్ని రోజుల అలవాటో దాన్నిబట్టి లెక్క మారుతుంది. కాబట్టి ప్రతి నెలా తేదీలు రాసిపెట్టుకుని ఆలిమాను అడగండి. ఆ తేదీల కాగితమే డాక్టరుకి కూడా పనికొస్తుంది.

ఈ విషయం అడగడానికి సిగ్గుపడాల్సింది లేదు. ఫాతిమా బిన్త్ అబీ హుబైష్ (రజి) తన ఆగని రక్తస్రావం గురించి స్వయంగా ప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లమ్) దగ్గరికి వెళ్లి అడిగారు. అది హైజ్ కాదని, నరం నుంచి వచ్చేదని ఆయన వివరించినట్టు సహీహ్ బుఖారీలో ఉంది. హిమోగ్లోబిన్ బాగా తక్కువ ఉండి డాక్టరు వద్దంటే, రోజాలు తర్వాత తీర్చుకునే సడలింపు రోగులకు ఖుర్ఆన్‌లోనే ఉంది.

మన రాష్ట్రంలో గర్భసంచి ఆపరేషన్లు

గర్భసంచి తీయించుకున్న స్త్రీల శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందుంది. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దేశ సగటు 3.2 శాతం అయితే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9 శాతం. తెలంగాణ 7.7 శాతంతో దాని వెనకే ఉంది. దేశం మొత్తం మీద ఈ ఆపరేషన్లలో మూడింట రెండు వంతులు ప్రైవేటు ఆసుపత్రుల్లోనే జరిగాయి. ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ కింద ఈ ఆపరేషన్లు విపరీతంగా పెరిగేసరికి ప్రభుత్వమే ప్రైవేటు ఆసుపత్రులపై ఆంక్షలు పెట్టవలసి వచ్చింది.

అనవసర ఆపరేషన్లపై డాక్టర్ నరేంద్ర గుప్తా 2013లో సుప్రీంకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం వేశారు. 2023 ఏప్రిల్ 5న కోర్టు తీర్పు ఇచ్చింది. అనవసరంగా గర్భసంచి తీయకుండా కేంద్ర ఆరోగ్యశాఖ 2022లో ఇచ్చిన మార్గదర్శకాలను అన్ని రాష్ట్రాలూ మూడు నెలల్లో అమలులోకి తేవాలని చెప్పింది. ఆ మార్గదర్శకాల ప్రకారం జిల్లా స్థాయిలో కూడా పర్యవేక్షణ కమిటీ ఉండాలి.

ఆపరేషన్‌తో పాటు అండాశయాలు కూడా తీసేస్తే నష్టం ఇంకా పెద్దది. 45 లోపు రెండు అండాశయాలూ తీసేస్తే నెలసరి ఒక్కసారిగా ఆగిన స్థితి వచ్చేస్తుంది. ఒళ్లు సెగలు, ఎముకలు గుల్లబారడం, గుండెజబ్బు ముప్పు పెరుగుతాయి. అడినోమయోసిస్‌కి అండాశయాలు తీయనవసరం లేదు.

సంతకం పెట్టే ముందు అడగాల్సినవి

1. ఆపరేషన్ ఎందుకు? గర్భసంచి ఒరిగి ఉన్నందుకా, జబ్బు ఉన్నందుకా?
2. లోపలి నుంచి స్కాన్ చేశారా? వేరే గడ్డలు, ఎండోమెట్రియోసిస్ ఉన్నాయా?
3. మాత్రలు, హార్మోన్ లూప్ ప్రయత్నించవచ్చా? ఎన్ని నెలలు చూడాలి?
4. నా హిమోగ్లోబిన్ ఎంత?
5. అండాశయాలు ఉంచుతారా? ఆ మాట కాగితం మీద రాస్తారా?

‘వెంటనే తీయకపోతే క్యాన్సర్ అవుతుంది’ అని ఎవరైనా చెప్తే, ముక్క పరీక్ష రిపోర్టు చూపించమనండి. అడినోమయోసిస్ ఉన్నంత మాత్రాన క్యాన్సర్ వచ్చేసినట్టు కాదు, రేపటికే ఆపరేషన్ చేసెయ్యాల్సిన తొందరా ఉండదు.

రెండో అభిప్రాయానికి శ్రీకాకుళంలో ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి (జనం ఇప్పటికీ రిమ్స్ అనే అంటారు), విజయనగరంలో ఘోషా ఆసుపత్రి, విశాఖలో కేజీహెచ్, విక్టోరియా ఆసుపత్రి ఉన్నాయి. ‘ఘోషా’ అంటే పరదాయే. పరదా పాటించే స్త్రీలూ వైద్యానికి రాగలగాలని పెట్టిన ఆసుపత్రులకు నిలిచిన పేరు అది. వెళ్లేటప్పుడు పాత స్కాన్లు, రక్తపరీక్షలు, నెలసరి తేదీల కాగితం తీసుకెళ్లండి.

గంటకో ప్యాడ్ తడిసిపోతున్నా, కళ్లు తిరిగి పడిపోతున్నా, జ్వరంతో పొత్తికడుపు నొప్పి వచ్చినా, గర్భం ఉండగా రక్తం కనిపించినా ఆగకుండా 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో మగవాళ్లు కూడా ఇది చదవాలి. ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టేది, బస్సెక్కించి విశాఖ తీసుకెళ్లేది చాలా ఇళ్లలో వాళ్లే. రిపోర్టులో ‘ఆర్‌వీ’ అని ఉంటే భయపడకండి. కానీ ఆమె నెలకి పది రోజులు మంచం పడుతుంటే మాత్రం, ‘మామూలే’ అనకండి.